జెల్లీ బిళ్ళ మాస్టారు

మా ఆశ్రమ పాఠశాలలో బసవపున్నయ్య మాస్టారి కెమిస్ట్రీ క్లాసు ముందు నా లెక్కల క్లాసు వెలవెలపోయేది. ఆయన సత్తుపల్లి వైపు మనిషి. పాఠం తక్కువ, ఆర్భాటం ఎక్కువ అని స్టాఫ్‌రూములో ఎన్నోసార్లు దెప్పాను. తీరా ఆయన జెల్లీ బిళ్ళ కాల్చే రోజున క్లాసు వదిలేసి కిటికీ దగ్గర నిలబడేదీ నేనే.

పిల్లల్ని దూరంగా జరిపి, గాజుపలక అడ్డం పెట్టి, గొట్టంలో ఏదో తెల్లటి పొడిని వేడిచేసి కరిగించేవారు. పట్టకారుతో ఓ జెల్లీ బిళ్ళను అందులో పడేసేవారు. అది కీచుమని అరిచి ఊదారంగు మంటై పోయేది. పిల్లలు బెంచీలెక్కి కేకలు.

నిజానికి ఆ పొడి పొటాషియం క్లోరేట్. వేడికి ఆక్సిజన్ వదులుతుంది. మన ఒంట్లో పూటంతా నిదానంగా ఖర్చయ్యే చక్కెరే బిళ్ళలోనూ ఉంది; ఆ ఆక్సిజన్ తగలగానే ఒక్క ఊపులో కాలిపోతుంది. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెబితే మజా పోతుందని ఆయన చెప్పేవారు కాదు.

పోయిన సెప్టెంబరులో ఎనిమిదో తరగతి మంగ్లి లేచి అడిగింది.

"ఆ తెల్లది ఏంది సార్?"

"నోరు తిరగని పేరు నీకెందుకమ్మా? ఉప్పనుకో. ఉప్పూ తీపీ కలిస్తే ఇంతే, భగ్గుమంటుంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే లోపలికి వెళ్లి, అది కూరలో ఉప్పు కాదని ఒక్క మాట అనలేకపోయాను.

మంగ్లిది ములకలపల్లి అవతల గూడెం. దసరా సెలవులకు ఇంటికి వెళ్లింది. ఓ రోజు తల్లిదండ్రులు పత్తి ఏరడానికి పోయాక రెండేళ్ల తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ప్రమీల వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చింది.

"ఉప్పు, చక్కెర కలిపిన మందు. నీళ్లల్ల కలిపి తాపుతనే ఉండు" అని చెప్పి పోయింది.

మంగ్లి ప్యాకెట్ మీద అక్షరాలన్నీ చదివింది. పిల్లాడి కడుపులో మంట లేస్తుందని భయపడి దాన్ని కంచె అవతల పారేసింది. ఉత్త నీళ్ళే పట్టింది. అవి సరిపోలేదు. పొద్దుగూకి తల్లిదండ్రులు వచ్చేసరికి వాడు తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు. దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది.

ప్రమీల చెబితే మాకు తెలిసింది. మాస్టారు నన్ను వెంటబెట్టుకుని గూడేనికి వెళ్లారు. మంగ్లి ఎదురుగా నేలమీద కూర్చుని, ఆ పొడి పేరూ, అది చేసే పనీ, దాచిందంతా చెప్పారు. ఇంత వివరంగా ఆయన పాఠం చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"గది అప్పుడే ఎందుకు చెప్పలే సార్?" అంది మంగ్లి.

తండ్రి జంపయ్య కసిరాడు. "సార్‌ను గట్ల అడుగుతరా?"

తర్వాత మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఏమనుకోకుండ్రి సార్. చిన్నపిల్ల. మీరు చెప్పిండ్రంటే ఇగ ఇంట్ల ఎవ్వల మాటా ఇనదు."