పూయని పియోనీ

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది మార్చిలో నన్ను మిన్నెసోటాలోని ఒక కౌంటీ వ్యవసాయ సలహా కార్యాలయానికి సీనియర్ హార్టికల్చర్ ఏజెంటుగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. హోదా పెద్దదే గానీ, పని మాత్రం జనం సంచుల్లో తెచ్చే ఆకులు చూసి రోగం చెప్పడం.

ఆ జూన్‌లో లావణ్య వచ్చింది. ఆర్మూరు దగ్గరి పసుపు రైతు కూతురు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్ళ కిందట పక్కింటి పెద్దావిడ డోరతీ వృద్ధాశ్రమానికి వెళ్తూ, తన తల్లి కాలం నాటి పియోనీ అనే పూలమొక్క దుంపను విడదీసి, దగ్గరుండి ఈమె పెరట్లో నాటించింది. మొదటి పువ్వు తెచ్చి చూపిస్తానని లావణ్య మాటిచ్చింది. వసంతాలు గడుస్తున్నా పువ్వు లేదు. అక్కడ డోరతీకి గుండె జబ్బు ముదురుతోంది.

పియోనీ మొండి మొక్క. మంచుకు పైభాగమంతా చచ్చినా దుంప బతికి ఏటా లేస్తుంది, కుదురుకుంటే తరాలపాటు పూస్తుంది. మరి ఇది పూయదేం? మట్టి పరీక్ష చేయించాను, బాగుంది. ఎండ సరిపోతోంది. ఆకు నిగనిగలాడుతోంది. తెగుళ్ళ నిపుణుడికి ఫోటోలు పంపితే ఆయనా తల గోక్కున్నాడు. దుంప లోతుగా ఉంటే పూయదు గనక అదీ అడిగాను. రెండంగుళాలేనట, డోరతీయే వేలితో కొలిచిందట. నాకు బుర్ర పనిచేయలేదు. ఇంత సర్వీసు పెట్టుకుని ఒక మొక్క ముందు తెల్లమొహం వేశానని చిరాకేసింది.

సెప్టెంబరులో స్వయంగా వెళ్ళాను. మొక్క మొదట్లో ముచ్చటైన మట్టి గుట్ట ఉంది. చెయ్యి మణికట్టు దాకా దిగాక గానీ కళ్ళు, అంటే దుంప మీది మొలక మొగ్గలు, తగల్లేదు. ఈ మట్టి ఎవరు పోశారని అడిగాను.

"నేనే సార్. మా నాయన పసుపుకు మట్టి ఎగదోస్తడు కద, ప్రతి ఫాల్‌ల, చలికాలం ముంగట, గట్లనే సాయిల్ యాడ్ చేసిన. ఇంత స్నోల దాన్ని ఉత్తగ ఎట్ల ఇడిచిపెడ్తం?"

ఆ కళ్ళకు చలి తగిలితేనే పూత వస్తుందని చెప్పాను. ఆమె ముఖంలో నమ్మకం కనపడలేదు. డోరతీ కూడా ఏమీ చేయొద్దనే చెప్పిందట. పెద్దావిడ మొహమాటానికి అందనుకుందట ఈమె. వద్దన్నవాళ్ళకే ఇంకో గరిటె వడ్డించే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, అలాగే అనుకుంటాం మరి.

మట్టి తోడేశాం. ఆ చలికాలం మంచు పడ్డప్పుడల్లా, కప్పమంటారా అని ఫోన్ చేసేది. వద్దనేవాణ్ణి. పువ్వు పూసేదాకా డోరతీ ఉంటుందో లేదోనని నాకూ బెంగగానే ఉండేది.

మళ్ళీ జూన్‌లో లావణ్య ఆఫీసుకు వచ్చింది. చేతిలో సంచి లేదు. ఒకే పువ్వు పూసిందని, డోరతీ మంచం పక్కన పెట్టి నేరుగా ఇటే వస్తున్నానని చెప్పింది. ఆవిడ ఏమందని అడిగాను.

"ఇన్నొద్దులు దీన్నేం జేసినవ్ అని అడిగింది సార్."

నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు సంచి పట్టుకొచ్చినా ఆకు చూడకముందే అదే అడిగాను.