నేను రాసిన గైడు

పోయిన వారం మదనపల్లెలో పాత పుస్తకాల అంగడి ముందు నిలబడి, మన వయసు వాళ్లందరికీ ఉండే జబ్బే కాబట్టి, అట్టలూడిన పుస్తకాలను ఊరికే తిరగేస్తుంటే, నేను జీవితమంతా పిల్లల చేత చదివించాలని తాపత్రయపడిన కావ్యం ఒకటి, చెక్కు చెదరకుండా, కొన్ని కాగితాలు ఇంకా అంటుకునే ఉండి, చేతికి తగిలింది. అంగడాయన పక్కనున్న పలుచటి పుస్తకాన్ని నా ముందుకు తోసి, "ఇది తీసుకోండి సార్, ఇదైతే పిల్లోళ్లకు పనికొస్తాది. ఆ లావుది యాల? ఎవురూ సూడరు" అన్నాడు. ఆ పలుచటిది కావ్యానికి గైడు. మూలలు నలిగి, పెన్ను గీతలతో నిండిన దాని అట్ట మీద నా పేరే ఉంది.

నేను తత్త్వశాస్త్రం చెప్పినవాణ్ణి. పుంగనూరులో కొత్తగా పనిలో చేరినప్పుడు, బీకాం చదివినా బీయస్సీ చదివినా, కాలేజీ దాటేలోగా ప్రతి ఒక్కరూ ఒక్క పాత కావ్యమైనా గొంతెత్తి చదివి, దానితో పోట్లాడాలని నాకొక పిచ్చి ఉండేది. శుక్రవారం చివరి గంట అడిగి తీసుకున్నాను. మార్కుల్లేవు, హాజరు లేదు. తోటి లెక్చరర్లు నవ్వారు. అయినా పదీ పదిహేను మంది వచ్చేవాళ్లు. పెద్దపంజాణి బస్సు పోతుందని తెలిసీ లేవని ఒక బీకాం అమ్మాయి, రాజు మాట తప్పి, రాణి ఏడ్చే ఘట్టం దగ్గర నన్ను ఆపి, "తప్పు చేసింది రాజైతే ఆయమ్మ యాల ఏడుస్తాండాది సార్?" అని అడిగితే, ఆ వారమంతా దాని గురించే ఆలోచించాను. అంతకు మించిన తత్త్వశాస్త్రం నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కుప్పానికి మారాక, ఆ గంట అందరికీ తప్పనిసరి కావాలని కనిపించిన ప్రతి అధికారికీ అర్జీలు పెట్టాను. ఏళ్ల తరబడి తిప్పించుకుని, పరీక్ష పెట్టి మార్కులు వేస్తేనే సరేనన్నారు. ఒప్పుకున్నాను, పైగా స్టాఫ్ రూములో మైసూర్‌పాక్ పంచాను. నా వేలితో నా కన్నే పొడుచుకుంటున్నానని ఆ రోజు తెలియలేదు.

మొదటి ఏడాదే సగం మంది తప్పారు. గంగవరం నుంచి ఒక రైతు తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, ఆమెకు వచ్చిన ఉద్యోగం కాగితం చూపించి, "అన్నీ పాసయింది సార్, మీ పద్యాలే అడ్డమొచ్చినాయి" అన్నాడు, కోపంగా కాదు, బతిమాలుతూ. ఆ ఇంట్లోకి రావాల్సిన మొట్టమొదటి నెల జీతం ఆ పిల్లదే. వాళ్లు వెళ్లగానే కూర్చుని, పరీక్షలో రాగల ప్రశ్నలు, వాటి జవాబులు వరసగా రాసి, మదనపల్లెలో అచ్చు వేయించాను. ఆ అమ్మాయి మళ్లీ రాసి పాసయింది, అందరూ పాసయ్యారు. "రాణి ఏడ్చుటకు కారణములు నాలుగు" అని నా వాక్యాలే నాకు అప్పజెప్పారు, ఆ తర్వాత కావ్యం తెరిచినవాళ్లు లేరు. ఎవరి మీద కోప్పడను?

రెండు పుస్తకాలూ కొన్నాను. గైడు ఇంకెవరి చేతిలోనూ పడకూడదని కొంటున్నానంటే, అంగడాయన ఎగాదిగా చూసి, అటక మీద ఇంకో కట్ట ఉందన్నాడు. ఇంటికొచ్చి, అంటుకున్న కాగితాలు విడదీసి, పుంగనూరులో చదివినట్టే గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. మార్కుల్లేని ఆ రోజుల్లో పుస్తకం తెరిస్తే పోట్లాట ఉండేది. ఇప్పుడు అందరి దగ్గరా జవాబులున్నాయి. రాజు మాట తప్పే చోటికి వచ్చేసరికి, ఎవరో ఒకరు అడ్డుపడతారని అలవాటుగా ఆగాను. కాసేపు చూసి, తర్వాతి పద్యం నేనే అందుకున్నాను.