మా దావీదుకు ఉపవాస ప్రార్థన

మొన్న హైదరాబాద్‌ల ఏమైందో చెప్త గని, నవ్వద్దు మల్ల! మా తమ్ముడు రింగుల గన్ని గుద్దులు తిని సుత మంచిగనే వచ్చిండు. పరువు వోయింది నాది.

మా తమ్ముడు దావీదు మీకెరికే గద. పేరు దావీదు, మనిషేమో బైబిల్ల గొల్యాతంత! బాక్సింగ్ ఆడ్తడు. మొన్నటిదాక తక్కువ బరువు క్లాసుల ఆడిండు. పోటీ ఉన్నదంటే చాలు, బరువు తగ్గాలెనని తిండి బందు వెట్టి, ఎండల స్వెట్టర్ ఏసుకొని బెల్లంపల్లి గల్లీలన్ని ఉరికేటోడు. గీసారి అన్నిటికన్న పెద్ద బరువు క్లాసుకు ఎక్కిండు. వేరే దేశాలోళ్లతోని ఆడుడు గిదే మొదలు. పోటీకి ముందుగాల కోచ్ సారు జర ఇంటికి పోయి రమ్మన్నడు.

నాకు ఒకటే పరేషాన్. చర్చి అక్కలందరిని పిలిచి ఇంట్ల ఉపవాస ప్రార్థన పెట్టిచ్చిన. దావీదును నడుమల కూసోవెట్టినం. నీళ్లు సుత ముట్టనియ్యలే.

"అక్కా, నేను తినాలెనే. సారు మంచిగ తినుమన్నడు."

"సప్పుడు చెయ్యకు! రేపు పొద్దుగాల తూకమున్నది. బరువు పెరిగితే ఇంటికి తోల్తరు. నీ కడుపు సంగతి నాకు తెల్వదా?"

చిన్నప్పుడు క్రిస్మస్ కేకు మొత్తం ఒక్కడే మింగినోడు. వాని మాట ఎవలు నమ్ముతరు చెప్పుండ్రి! తమ్ముడు గెలిచేదాక మెతుకు ముట్టనని నేను సుత దేవునికి మాటిచ్చిన.

సాయంత్రం రైలెక్కి హైదరాబాద్‌ల మా చిన్నమ్మ ఇంట్ల దిగినం. గెలిచినంక తినుండ్రని ఆమె పొద్దుగాలనే బగారన్నం, కోడికూర వండి క్యారేజ్ కట్టిచ్చింది. తూకం కాడికి నేను సుత ఎంబడి పోయిన. హాలు బయట ఉట్టిగ చూసుకునేటందుకు ఒక కాంటా వెట్టిన్రు. దావీదు ఎక్కిండు. తొంభైన్నర కిలోలు! నేను చప్పట్లు కొట్టిన.

"చూసిన్రా సార్, ఒక్క దినంల ఎట్ల తగ్గిచ్చిన్నో!"

కోచ్ సారు నెత్తి పట్టుకున్నడు. "ఎవలు తగ్గిచ్చుమన్నరమ్మా? గీ క్లాసుల ఎంత పెరిగినా అడిగేటోడు లేడు. తొంభై రెండు దాటాలె. తక్కువుంటే ఆడనియ్యరు! ఇంకొంచెం సేపైతే తూకం బంద్ చేస్తరు!"

ఓ ప్రభువా, రింగు ఎక్కకముందే తమ్మున్ని నేనే ఓడగొడ్తి గద!

ఆడనే క్యారేజ్ విప్పిన. ముద్దలు గట్టి నేనే వాని నోట్ల వెడ్తున్న. సారు నీళ్ల సీసాల మూతలు తీసి ఇస్తుండు. లైన్ల నిలబడ్డ వేరే దేశాలోళ్లు మమ్ములనే చూస్తున్నరు. గడియారం చూసుడు, కాంటా ఎక్కిచ్చుడు, మల్ల తినవెట్టుడు. ఒక్కకాడ కాలు నిలుస్తలేదు నాకు.

గంతల దావీదు మెల్లగ అన్నడు, "అక్కా, ఒంటేలు వస్తుంది."

"పట్టుకో! అది సుత బరువే!"

ఉరికి పోయి బాత్రూం తలుపుకు అడ్డం నిలబడ్డ. గంత పెద్ద మనిషి చిన్న పోరనోలె కాలు మీద కాలేసుకొని ఎగురుతుండు. లైనేమో కదుల్తలేదు! ఆఖరికి లోపలికి పిలిచిన్రు. నేను కండ్లు మూసుకొని ప్రార్థన మొదలువెట్టిన. దబ్బున తలుపు తెరుచుకున్నది. దావీదు నా దిక్కే ఉరికొస్తుండు.

"ఏమాయెరా?"

"పాసయిన! జరుగక్కా, జరుగు!" అని నన్ను పక్కకు నూకి బాత్రూంలకు ఉరికిండు.

సాయంత్రం ఆట. ఎదురుంగ వచ్చినోడు మావోని కంటె జానెడు పొడుగు. మూడు రౌండ్లల్ల నేను కుర్చీల కూసుంటే ఒట్టు! ఆఖరికి రెఫరీ మా దావీదు చెయ్యి లేపిండు. "హల్లెలూయా!" అని ఎగిరిన. గంతే నాకు యాదికున్నది.

కండ్లు తెరిచేసరికి రింగు కాడి డాక్టర్ నా నాడి చూస్తుండు.

"ఏం తిన్నవమ్మా?"

"నిన్నటి సంది ఏం తినలే సార్."

"ముందుగాల గీమెకు ఏదన్న తినవెట్టుండ్రి!"

దావీదు ఉరికి పోయి క్యారేజ్ తెచ్చిండు. మూత తీస్తే కోడి బొక్కలే ఉన్నయి. మొత్తం నేనే వానికి తినవెడ్తి గద!

గా దినం గంతమంది పయిల్వాన్లు గుద్దుకున్నరు, ఒక్కడు సుత కింద పడలే. ఎవ్వలు గుద్దకుంటనే పడ్డది నేనొక్కదాన్నే!