తిన్నగా ఇంటికి వెళ్ళని మనిషి

చావుకు వెళ్ళిన మా పోల్దో కుయా తిన్నగా ఇంటికి వెళ్ళడు. ముక్కు గడ్డకట్టి ఊడిపడేంత చలైనా సరే, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగాలి, ఏదో ఒకటి తినాలి, అప్పుడే ఇల్లు. కుయా అంటే మా భాషలో అన్న. నాకే కాదు, ఈ ఊళ్ళో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళందరికీ ఆయన అన్నే.

మా దేశంలో ఇది అందరూ పాటించేదే. శవం ఉన్న చోటి నుంచి తిన్నగా ఇంటికొస్తే పోయినవాళ్ళు మన వెనకే వచ్చేస్తారు. అందుకని దారిలో ఏ తిండి కొట్టులోనో దూరి, వాళ్ళను అక్కడ దులిపేసి రావాలి. అక్కడైతే అడుగుకో కొట్టు. నార్వేలో, సముద్రం ఒడ్డున, చలికాలమంతా సూర్యుడు మొహం చాటేసే ఈ ఊళ్ళో ఏముంది? చర్చి ఉంది, చేపల రేవు ఉంది, మేం పనిచేసే వృద్ధాశ్రమం ఉంది. పొద్దున్నే తెరిచేదీ, సాయంత్రం దాటాక కూడా తెరిచి ఉండేదీ ఒక్క పెట్రోలు బంకే. కాబట్టి మా పోల్దో పోయినవాళ్ళందరినీ పెట్రోలు బంకులో దులిపేవాడు.

వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్ళకు చావులకేం కరువు? చలి ముదిరిందంటే ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు బయల్దేరతారు. పొద్దున గంజి తాగించిన నోటికే సాయంత్రం దవడ కట్టిన రోజులున్నాయి. పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు, కొందరు వస్తారు, కొందరు పూలు పంపిస్తారు. కొన్ని అంత్యక్రియలకు పాస్టరూ, మేమూ, శవపెట్టే, అంతే. పోల్దో మాత్రం ఒక్కటి కూడా మానడు. ఓడల్లో వంటవాడిగా ఉన్న రోజుల్లో కొన్న నల్లకోటు ఒకటుంది ఆయనకు. ఇప్పుడు బొత్తాలు పెడితే ఊపిరాడదు. అదే తొడుక్కుని, ప్రార్థన అయిపోగానే చర్చి గుమ్మంలో నాకు అడ్డంగా నిలబడతాడు.

"ఎక్కడికే నింగ్? తిన్నగా ఇంటికేనా?"

"కాళ్ళు లాగేస్తున్నాయి కుయా. పొద్దుటి నుంచీ డ్యూటీ."

"లాగవు మరీ! ముసలాయన అప్పుడే పట్టుకున్నాడు. పద పద."

బంకులో మారిట్ అనే అమ్మాయి ఉంటుంది. అద్దాల్లోంచి నల్లకోటు కనిపించగానే పెనం మీద సాసేజిలు వేసేసి, తల కూడా ఎత్తకుండా అడిగేది.

"ఇవాళ ఎవరు?"

"కిటికీ పక్క మంచం ఆవిడ."

"అయ్యో. ఉల్లిపాయలు వెయ్యనా?"

"వెయ్యి. ఆవిడకిష్టం."

ఒకరోజు ఆ పిల్లకు ఓపిక నశించింది. "చూడండి పోల్దో గారూ, తాళం వేసి వెళ్ళాక కాఫీ మిషను దానంతటదే గుర్రుమంటోందట. చచ్చినవాళ్ళందరినీ తెచ్చి నా నెత్తిన వదిలిపెడితే నేను ఉద్యోగం ఎలా చెయ్యను?"

"భయపడకు తల్లీ, అందరూ మంచివాళ్ళే. ఇక్కడ వెచ్చగా ఉంది, దీపాలున్నాయి, వాళ్ళ భాష మాట్లాడడానికి నువ్వున్నావు. ఇంతకన్నా మంచి చోటు నువ్వే చెప్పు, అక్కడే వదిలేస్తా!"

రాను రాను ఈ పిచ్చి ముదిరింది. పక్కింటివాళ్ళ పిల్లి చచ్చిపోతే, రాయిలా బిగిసిన నేలలో గునపంతో గొయ్యి తీసిచ్చి, ఆ పెరటికి ఆనుకునే ఉన్న మా ఇంటికి బంకు మీదుగా వచ్చాడు. మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకున్నాం, కింద ఆయన, మేడ మీద నేను. ఓసారి ఆయన గదిలో టీవీ చూస్తుంటే సినిమాలో తల్లి పాత్ర చనిపోయింది. లేచి కోటు తొడుక్కున్నాడు.

"కుయా, అది సినిమా!"

"ఏడ్చావా లేదా? ఏడ్చావంటే చావే. లే."

తిట్టుకుంటూనే వెళ్ళేదాన్ని. ఎందుకంటే ఆయనతో పేచీ పెట్టుకుంటే ఆదివారం పులుసు ఉండదు. రేవులో ఇక్కడివాళ్ళు పారేసే చేప తలకాయలు అడిగి తెచ్చి, చింతపండు దొరకని దేశంలో ఏ పుల్లటి కాయ కనిపిస్తే దాన్ని పిండి కాచేవాడు. ఒక్కోసారి కళ్ళు మూసుకుని తాగితే మా ఊరు కనిపించేది. ఒక్కోసారి కడుపునొప్పి కనిపించేది.

స్వెర్రె గారి సంగతి చెప్పాలి. భార్య గుద్రున్ మా ఆశ్రమంలోనే పోయింది. చర్చి హాల్లో కాఫీలు తాగి, కేకులు తిని, అందరూ ఆయన చేతిని ఒకసారి నొక్కి ఎవరి కార్లు వాళ్ళు ఎక్కేశారు. పెద్దాయన కారు తాళం చేత్తో పట్టుకుని మంచులో నిలబడి ఉన్నాడు. మావాడు వెళ్ళి ఆ తాళం లాక్కున్నాడు.

"తిన్నగా ఇంటికెళ్ళకూడదండీ!"

"పుట్టినప్పటి నుంచీ తిన్నగానే వెళ్తున్నాను," అన్నాడు స్వెర్రె.

"అదీ మీరు చేస్తున్న పొరపాటు."

బంకులో ఎత్తు బల్ల దగ్గర ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా సాసేజిలు నములుతూ, మారిట్ నేల తుడిచేదాకా నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి స్వెర్రె రోజూ పొద్దున్నే బంకుకు వచ్చి కాఫీ తాగడం మొదలుపెట్టాడు. ఎందుకని మారిట్ అడిగితే, "మా ఆవిణ్ణి ఇక్కడే వదిలేశారుగా మరి," అన్నాడట.

ఆ చలికాలమే మా అమ్మ పోయింది.

సముద్రం పక్క మా చిన్న ఊళ్ళో, రేవు దగ్గర బియ్యప్పిండి అప్పాలు అమ్మి నన్ను చదివించిన మనిషి. దీవి దాటి ఎరగదు. ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట, "తిన్నావా?" రెండో మాట, "అక్కడ చలి ఎలా ఉంటుందే?" ఐస్ పెట్టెలో తల పెట్టినట్టుంటుందమ్మా అంటే నవ్వేది. ఒకసారి వచ్చి చూస్తానే అనేది. చూపిస్తాలే అనేదాన్ని.

నా పర్మిట్ గడువు తీరింది, కొత్తది ఇంకా రాలేదు. ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానిచ్చేది అనుమానమే. నేను వెళ్ళలేకపోయాను. ఆ మాట ఇప్పుడు రాయడం తేలిక, ఆ రోజు మింగడం తేలిక కాలేదు.

అక్కడ మధ్యాహ్నం పూడ్చిపెడుతుంటే ఇక్కడ ఇంకా తెల్లారలేదు. నా గదిలో బియ్యం డబ్బాకు ఫోను ఆనించి వీడియోలో చూశాను. పోల్దో నల్లకోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని, నా మంచం అంచున ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పెట్టెను దించుతుండగా బొమ్మ బిగుసుకుపోయింది. అది మళ్ళీ కదిలేసరికి మట్టి మాత్రమే ఉంది. తర్వాత మా తమ్ముడి అరచెయ్యి కనిపించింది, ఫోను ఆగిపోయింది.

కాసేపటికి పోల్దో లేచాడు. "పద."

"ఎక్కడికి కుయా? చావు నా గదిలోకే వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను!"

ఇన్నేళ్ళలో ఇలాంటి చిక్కు ఆయనకు తగల్లేదు. గుమ్మం వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు.

"అయితే బయటికెళ్ళి మళ్ళీ రావాలి. టోపీ పెట్టుకో."

బంకు అప్పుడే తెరిచారు. మారిట్ తల ఎత్తకుండా, "ఇవాళ ఎవరు?" అంది. ఎవరూ మాట్లాడకపోయేసరికి తలెత్తి నా మొహం చూసింది. ఏమీ అడక్కుండా ఉల్లిపాయలు వేసింది. కాఫీ తాగుతున్న స్వెర్రె బల్ల మీది తన టోపీ తీసి నాకు చోటిచ్చాడు.

తిన్నాను. సిగ్గు లేకుండా ఆకలేసింది. వేడిగా ఆ ముద్ద గొంతు దిగుతుంటే ఏడుపూ దిగింది. దయ్యం సంగతి దేవుడెరుగు, ఆ గదిలో ఆగిపోయిన ఆ ఫోనుతో ఒంటరిగా కూర్చుంటే ఏమైపోయేదాన్నో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

పోల్దో మూతి తుడుచుకున్నాడు. "సరే, అయిపోయింది. వెళ్దామా?"

నేను కదల్లేదు.

"నేను రాను కుయా. ఇప్పుడు నేను వెళ్ళిపోతే మా అమ్మ ఇక్కడే ఉండిపోతుంది. పెట్రోలు బంకులోనా? ఇక్కడి భాష ముక్క రాదు ఆవిడకు! ఒక్కసారి వచ్చి చూస్తానని ఎన్నిసార్లు అడిగిందో తెలుసా? ఇన్నాళ్ళకు వస్తే దులిపేసి పోతానా? మా అమ్మ నా వెంట రావాలి. తిన్నగా మా ఇంటికి రావాలి!"

అరిచినట్టున్నాను. మారిట్ పెనం కింద మంట తగ్గించింది.

పోల్దో గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పనా? పోయినవాళ్ళు వెనకే వస్తారో రారో నాకూ తెలీదే. మా ఆవిడ పోయిన కబురు ఓడలో ఉండగా వచ్చింది. తిన్నగా నా గదికి పోయి తలుపేసుకున్నాను. అంతమంది ఉన్నారు, ఎక్కడికిరా అని ఒక్కడూ ఆపలేదు. ఆ గదిలోంచి ఇప్పటికీ పూర్తిగా బయటికి రాలేదనుకో." స్వెర్రె వైపు తిరిగి, "అందుకే జనాన్ని ఆపుతుంటాను. దయ్యం అంటే ఆగుతారు, రండి ఏడుద్దాం అంటే ఎవరాగుతారు?" అన్నాడు.

స్వెర్రె కప్పు దించాడు. "గుద్రున్‌ది ఈ ఊరే. ఇక్కడుంటే నాకూ బాగానే ఉంది. ఆ తల్లి కొత్త మనిషి. ఇంటికి తీసుకెళ్ళవయ్యా."

అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మారిట్ ఇంకో సాసేజి రొట్టె కాగితంలో చుట్టి పోల్దో చేతిలో పెట్టింది. ఎవరికని మేమూ అడగలేదు, తనూ చెప్పలేదు.

బయట ఇంకా చీకటే. పోల్దో నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి, నా భుజం మీదుగా ఖాళీలోకి చూస్తూ మర్యాదగా వంగాడు.

"నానాయ్, ఇటు రండి." మా దగ్గర అమ్మను అలాగే పిలుస్తాం. "ఇక్కడ మంచు జారుతుంది, ఈ పక్కనుంచి నడవండి. కాళ్ళకు రబ్బరు చెప్పులేనా? సరిపోయింది! అదిగో, అది చేపల రేవు. తలకాయలు పారేస్తారు, చూశారా వీళ్ళ తెలివి? అది మేం పనిచేసే చోటు. మీ అమ్మాయికి అక్కడ మంచి పేరు, నోరే కాస్త ఎక్కువ."

"కుయా!"

"ఉన్న మాట చెప్పానే. ఆవిడకు తెలీదా ఏం?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన పోయినవాళ్ళను దులపకుండా బంకు నుంచి తిన్నగా ఇంటికి తీసుకెళ్ళడం అదే మొదలనుకుంటాను. వీధి మెట్లెక్కి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికొచ్చాను. ఆయన తలుపు వెయ్యలేదు. మంచుగాలి రివ్వున కొట్టి ఇంట్లో ఉన్న వెచ్చదనమంతా ఊడ్చుకుపోతోంది.

"చచ్చిపోతున్నాం కుయా, తలుపు వెయ్యండి!"

"ఉండవే! పెద్దావిడ. మెట్లు ఎక్కి రావద్దూ?"