పేరు లేని తెల్ల డబ్బా

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఇన్నేళ్లు లోపల దాచుకుని అలసిపోయాను. మీరు నన్ను ఎరగరు, అదే మేలు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉండేది. వనస్థలిపురం నుంచి సుజాతక్క వచ్చేది. సర్కారు బడిలో టీచర్. సమ్మెలో బడికి పోకుండా రోజూ ఎల్‌బీనగర్ చౌరస్తాలో కూర్చునేది. వంటావార్పు ఉంటే నడిరోడ్డు మీదే పొయ్యి పెట్టి వండేది. ముఖం, మెడ నల్లగా కమిలిపోయాయి. ట్యాన్ తీసెయ్యమని నా దగ్గరికి వచ్చింది.

నేనొక క్రీము ఇచ్చాను. మందుల షాపులో దొరికే ట్యూబే అది. పేరు తెలిస్తే అక్కడే కొనుక్కుంటారని, దాన్ని తెల్ల డబ్బాలోకి పిండి, మా పార్లర్ స్పెషల్ అని ఇచ్చేదాన్ని. ట్యూబుతో వచ్చే కాగితం చెత్తబుట్టలోకి పోయేది. అందులో ఏముందో నాకు తెలియదా? తెలుసు. చర్మం పలచబడుతుంది, రాసుకుని ఎండలోకి పోవద్దు, ఎక్కువ రోజులు వాడొద్దు అని షాపతను నోటితో కూడా చెప్పాడు. పొద్దంతా ఎండలో ఉండే మనిషికి అదే ఇచ్చాను. చెబితే తీసుకోదని భయం.

వారం రోజుల్లో ముఖం మెరిసింది. సంబరపడిపోయింది, నేనూ పొంగిపోయాను. నెల తిరిగేసరికి బుగ్గలు ఎర్రగా వాచి, పొక్కులు లేచి వచ్చింది.

“చెల్లె, ముఖంల నిప్పులు పోసినట్టున్నది. గా క్రీమేమన్న పడలేదా?”

“క్రీమ్‌ది కాదక్కా, ఎండది. గంత ఎండల కూసుంటే ఏ ముఖం ఆగుతది?”

“నిజమే తీ,” అని ఇంకో డబ్బా తీసుకుపోయింది.

మొదటి డబ్బా నా ఆశ అనుకుందాం. మరి ఆ రెండోది? ఆమె అడిగింది, నాకు జవాబు తెలుసు, అయినా చేతిలో పెట్టాను. దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. తర్వాత దవాఖానకు పోతే ఏం రాస్తున్నావని అడిగారట, చెప్పడానికి ఆమెకు ఆ క్రీము పేరు తెలియదు. పార్లర్ క్రీమని చెప్పి, ఎండకే ఇట్లయిందని తనే చెప్పిందట.

మచ్చలు ఉండిపోయాయి. మొన్న మీర్‌పేట్‌లో ఒక పెళ్లిలో కలిసింది. పక్కనున్న ఆడపిల్లలకు తన బుగ్గలు చూపించి, ఇవి తెలంగాణ కోసం ఎండలో కూర్చుంటే వచ్చినవని గర్వంగా చెప్పింది. నువ్వు చూసినవ్ గదా అన్నట్టు నా వైపు తిరిగింది. నేను తలూపాను.

నిజం చెబితే ఆ గర్వం కూడా పోతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది జాలా? కాదు, పిరికితనం. అక్క ముఖం పాడుచేసింది ఎండ కాదు, ఉద్యమం కాదు, నేను. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమె మాత్రం ఎండ తగిలితే ముఖం మండుతుందని, ఇప్పటికీ గడప దాటాలంటే ముఖం నిండా కొంగు కప్పుకునే పోతుంది.