చంద్రవంక గుర్తుకు మాట

ఆళ్ళగడ్డలోని ఆ వీధిలో కత్తులు చేసే ఇళ్ళు ఒకప్పుడు ఏడు. ఇప్పుడు మౌనాచారిది ఒక్కటే. మిగతావాటిలో ఒక కొలిమి బైకుల షెడ్డయింది, ఒకటి టిఫిన్ సెంటరయింది, తక్కినవి ఏమయ్యాయో ఆయన పట్టించుకోవడం మానేశాడు.

అరవై దాటినా మౌనాచారికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. బేరం లేని రోజున సుత్తి పిడి బిగిస్తాడు, మళ్ళీ ఊడదీస్తాడు, వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూస్తాడు. ఆ ఇంటి కత్తి మీద, పిడికి దగ్గరగా, చంద్రవంక గుర్తు ఉంటుంది. దానికి ఆయన తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది. చంద్రవంక ఉన్న కత్తి ఎవరు తెచ్చినా, ఎన్నేళ్ళకు తెచ్చినా ఊరికే సానబట్టి ఇవ్వాలి. పనికిరాకపోతే మారుకత్తి ఇవ్వాలి.

మొన్న వేసవిలో నెల రోజులు కొలిమి వెలగలేదు. అప్పుడే నంద్యాల నుంచి పాత్రల అంగడి జీవన్ కుమార్ ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో అద్దాల్లా మెరిసే ఫ్యాక్టరీ కత్తులు పన్నెండు. కొట్టే పనేమీ లేదని, గుర్తు వేసిస్తే చాలని అన్నాడు. సరోజమ్మ వద్దంది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడికి ఎదురుగా నిలబడి సమ్మెట వేస్తున్న మనిషి ఆమె. పనిలేని చేతులు మౌనాచారిని నిలవనివ్వలేదు. పిడి దగ్గర మాత్రం ఎర్రగా కాల్చి, పన్నెండింటికీ ఒక్క పూటలో ముద్ర కొట్టేశాడు. కొలిమి వెలిగిందన్న సంతోషంలో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఇరవై రోజులకు కొలిమిగుండ్ల నుంచి ఆదెమ్మ వచ్చింది. బడిలో పిల్లలకు వండే ఆమె. వాళ్ళమ్మ కాలం నుంచీ ఈ ఇంటి కత్తులే.

"నంద్యాలలో నీ గుర్తు చూసి కొన్న్యా అన్నా. ఎండుకొబ్బరి మీద పెడితే వంగిపోతాంది. ఏందీ, కండ్లు కనపడక చేసినావా?"

"కండ్లు బాగానే ఉండాయిలే ఆదెమ్మా, చెవులే లేవు" అంది సరోజమ్మ లోపలి నుంచి.

మౌనాచారి ఆ కత్తిని సానరాయి మీద పట్టాడు. అంచు వచ్చింది కానీ, వేలితో నొక్కితే రేకులా వంగింది. ఇది నేను చేసింది కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. గుర్తు ఎదురుగా కనబడుతుంటే ఎట్లా అంటాడు? వంటింట్లోకి పోయి సరోజమ్మ వాడే కత్తి తెచ్చి ఆదెమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె వెళ్ళీ వెళ్ళకముందే ఆయన నంద్యాల బస్సెక్కాడు. అంగడిలో రెండే మిగిలాయి.

"పది పోయినాయి. బాగా పోతాండాయి ఆచారీ, ఇంకో పెట్టె పంపిస్తా" అన్నాడు జీవన్ కుమార్.

ఎవరెవరు కొన్నారని అడిగితే, కొనేవాళ్ళ ఊర్లు ఎవరడుగుతారని నవ్వాడు. ప్యాపిలి వాళ్ళెవరో ఇద్దరు ఉన్నట్టు గుర్తన్నాడు. మౌనాచారి ఆ రెండూ తిరిగి తీసుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

ఇంటికి రాగానే ఆ కత్తుల మీది గుర్తు అరగదీసేశాడు. మూలనున్న పాత లారీ కమాన్ పట్టీ లాగి కొలిమి ముట్టించాడు.

"ఎన్ని?" అంది సరోజమ్మ, కొంగు నడుముకు చుట్టి సమ్మెట అందుకుంటూ.

"తొమ్మిది. నీదొకటి, పది."

"నాది ఆఖర్న చేద్దువులే. వాళ్ళు ఎప్పుడొస్తారో ఏమో."

మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు కత్తులు అయ్యాయి. వీధి మలుపులో ఆటో ఆగిన చప్పుడైతే చాలు, మౌనాచారి ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో పట్టుకునే ఉండి తల తిప్పి చూస్తున్నాడు. చూసినప్పుడల్లా సరోజమ్మ సమ్మెటను గాల్లోనే ఆపాల్సి వస్తోంది.