బంతులు లేని జట్టు

సొంత తలకాయలో, ఎవరికీ చెప్పకుండా, పడకగదిలో నిలబడి కొత్త రోడ్డు వేసుకున్న మనిషి ఈ భూమ్మీద గుండీలక్క ఒక్కతే.

అసలు పేరు లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. ఉతకడానికొచ్చిన బట్టలకు ఊడిన గుండీలు కుట్టడం ఆవిడ పని. వెనక గదిలో, ఆవిరి గొట్టాల పక్కన, ఒక స్టూలు, ఒక దీపం, రంగుల వారీగా గుండీల డబ్బాలు. ఆవిడ కుట్టిన గుండీ ఊడదు. ఒక భారీకాయుడు విందు భోజనం చేసి లేచేసరికి చొక్కా అంతా పీలికలై, గుండీల వరస మాత్రం పొట్ట మీద చెక్కుచెదరకుండా నిలబడి ఉందట. నమ్మకపోతే మీ ఇష్టం.

ఇంట్లో వాళ్లక్కతో కలిసి ఉండేది. ఇద్దరి మాటలూ వాళ్లక్కే మాట్లాడేది, ఈవిడ ఊఁ కొట్టేది. వాళ్లక్క పోయాక ఊఁ కొట్టే పని కూడా పోయింది. లాండ్రీలో మిషన్ల హోరుకు మాటలు వినపడవు. ఇంట్లో వినపడతాయి గానీ మాట్లాడేవాళ్లు లేరు.

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మాయి, గుండీ ఊడిన తెల్లకోటు పట్టుకుని నేరుగా వెనక గదిలోకే వచ్చేసింది. సూది ఆడుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసింది.

"భలే చేతులాంటీ మీవి. మా పరిశోధనకి మీ వయసువాళ్లు కావాలి. వస్తారా?"

"చేతులు కోస్తారా ఏంటి?"

"అబ్బే, తల లోపల ఫోటో తీస్తాం. మెదడు పైన బూడిదరంగుగా ఉంటుంది, కిందంతా తెల్లటి దారాలు. కంటి కబురు చేతికి అందాలంటే, రోడ్డు మీద పోయినట్టు, వాటి మీదుగానే పోవాలి. కొత్త పనేదైనా బాగా సాధన చేస్తే ఆ దారాల చుట్టూ ఉన్న కొవ్వు పొర మందమై, కబురు తొందరగా పోతుందంటారు. పెద్దవయసులో కూడా అలా అవుతుందా అని చూస్తున్నాం. మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్పిస్తాం."

"దారమైతే నాకు తెలిసిన సరుకే" అంది గుండీలక్క.

ఫోటో తీసే గొట్టంలో పడుకోబెట్టారు. మిషను పదిమంది కమ్మర్లు పోటీపడి కొడుతున్నట్టు మోగింది. మోత ఆగినప్పుడల్లా ఆ అమ్మాయి గొంతు చెవిలో వినిపించేది. "బాగానే ఉన్నారా ఆంటీ? ఇబ్బందేం లేదుగా?" ఆవిడను అన్నిసార్లు ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్లయిందో. బయటికి లాగినప్పుడు "అప్పుడేనా" అంది.

తర్వాత చీటీలు తీశారు. సగం మందికి బంతులు, మాస్టారు, సాయంత్రాలు హాల్లో పాఠాలు. మిగతా సగానికి ఏమీ లేదు.

"మీది రెండో జట్టు ఆంటీ. బంతుల జట్టుతో పోల్చి చూడాలి కాబట్టి మీరేం నేర్చుకోకూడదు. మీ జట్టులో ఎవరైనా నేర్చుకుంటే తీసేస్తాం. నెలన్నర తర్వాత ఒక ఫోటో, ఆ తర్వాత ఇంకోటి. అప్పటిదాకా ఎప్పుడూ ఉన్నట్టే ఉండండి."

"ఎప్పుడూ ఉన్నట్టేనా?"

"అంతే. చాలా తేలిక."

పోయేదారిలో హాలు అద్దాల తలుపు దగ్గర ఆగింది. లోపల తన ఈడువాళ్లు కుర్చీల కింద దూరి బంతులు వెతుక్కుంటూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి అద్దానికి తగిలి ఆగింది. అటువైపు.

ఆ వారమే, ఎవరూ తీసుకెళ్లని చొక్కాల చేతులు కత్తిరించి మూడు చిన్న సంచులు కుట్టి, పాత గుండీలతో నింపింది. మంచం పక్కన నిలబడి ఎగరేసింది. ఒకటి బీరువా ఎక్కింది, ఒకటి పాలగిన్నెలో మునిగింది, ఇంకోటి కిటికీలోంచి దూకి ఒక కుక్కకు జీవితాంతం ఆకాశమంటేనే భయం పట్టించింది. గుండీల సంచులు గలగలమని నేలమీద పడితే కింది ఇంటాయన కర్రతో పైకప్పు పొడిచాడు. వాళ్లక్క పోయాక ఆ గదిలో ఆవిడ చప్పుడుకు ఒక జవాబంటూ రావడం అదే మొదలు. మర్నాడు కొంచెం గట్టిగానే పడేసింది.

ఒక సాయంత్రం సంచులు వాటంతట అవే తిరగసాగాయి. ఒకటి చేతిలోకి వస్తుంటే ఇంకోటి లేస్తోంది. చేతులాపకుండానే గుమ్మం వైపు తల తిప్పింది. గుమ్మంలో ఎవరూ లేరు. సంచులు మూడూ రాలిపోయాయి.

రెండో ఫోటో అయ్యాక డాక్టరమ్మాయి అడిగింది. "కొత్తగా ఏం నేర్చుకోలేదుగా ఆంటీ?"

లేదంటే మూడో ఫోటో ఉంది, గొట్టం ఉంది, చెవిలో గొంతు ఉంది. అవునంటే ఇవాళే ఆఖరు. గుండీలక్క లేచి, చేతిసంచిలోంచి మూడు సంచులూ తీసి ఎగరేసింది. వరండాలో స్ట్రెచర్లు ఆగిపోయాయి, మంచం దిగకూడని రోగులు దిగి వచ్చారు.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. కొట్టి, కూర్చుండిపోయింది. "ఎందుకాంటీ ఇలా చేశారు? ఇప్పుడు మిమ్మల్ని తీసెయ్యాలి."

"తెలుసమ్మా."

"లేదని చెప్తే పోయేదిగా. నాకు తెలిసేది కూడా కాదు."

"మరి ఇంకెవరికి చూపించను?"

ఆవిడ ఫోటోలో కొత్త రోడ్డు తళతళ మెరిసిందనీ, పెద్ద డాక్టర్లు అద్దాలు తుడుచుకుని మరీ చూశారనీ, నియమాలు పక్కనపెట్టి వారం వారం రమ్మని బతిమాలారనీ లాండ్రీలో చెప్పుకుంటారు. ఒకసారి ఆవిడ ఎదుటే ఈ కథ చెప్తే, గుండీ మీంచి కళ్లెత్తకుండా ఇలా అంది:

"రోడ్డూ లేదు, మెరుపూ లేదు. ఒక్కరి ఫోటోలో అట్లాంటిది తెలీదని ఆ అమ్మాయే చెప్పింది. మళ్లీ రమ్మని ఎవరూ అన్లేదు. లిఫ్టు దాకా వచ్చి దింపింది. బస్సెక్కి ఇంటికొచ్చేశా."